రాక్షసి బయట ఉంది సరే, గేటు తీసేదెవరు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఊరి చివర రైస్ మిల్లులో ఒక రాత్రి ఆరుగురు ఇరుక్కుపోతారు: మిల్లు ఓనరు, గుమస్తా, ఇద్దరు హమాలీలు, ఒక లారీ డ్రైవరు, ధాన్యం తోలుకొచ్చిన ఒక రైతమ్మ. చుట్టూ పొలాల్లో ఏవో జీవులు తిరుగుతున్నాయి. నలభై నిమిషాల సినిమా, యూట్యూబ్ కోసం. సీజీకి, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి, డబ్బు అంతంతమాత్రం. కథ విన్నవాళ్లంతా బాగుంది గానీ భయం వేయలేదంటున్నారు. అందుకని ఆ జీవిని ఎప్పుడు, ఎంతసేపు చూపించాలని అడిగారు. మీరు ఇష్టపడి తీస్తున్న పద్ధతికి ఉదాహరణగా 'ద మిస్ట్' అనే హాలీవుడ్ హారర్ సినిమా పేరు చెప్పారు.

నేను ఎడిటర్‌ని. హారర్ ఎక్కువగా నా టేబుల్ మీదకే వస్తుంది, అందులోనూ తక్కువ బడ్జెట్‌వే ఎక్కువ. కాబట్టి ఈ జవాబు ఎడిటింగ్ వైపు నుంచి చూసి చెబుతున్నది.

ముందు మీరడిగినదానికి సూటిగా. మీ నలభై నిమిషాల్లో జీవి తెరమీద కనిపించే సమయం మొత్తం కలిపినా నిమిషం దాటనివ్వకండి. మొదటిసారి పది, పన్నెండు నిమిషాల దగ్గర ఒక్క భాగమే కనపడాలి, అదీ ఒక మనిషి పోయేటప్పుడు. పూర్తి ఆకారం చివర్లో ఒక్కసారి చాలు, అసలు లేకపోయినా నష్టం లేదు. అయితే ఇదంతా చేసినా మీ సినిమాకి భయం రాదు, ఎందుకంటే మీ చిక్కు వేరేచోట ఉంది. మీరు పెట్టిన కథాసంగ్రహంలో ఆ జీవి రెండుసార్లు రేకుల కప్పు చించుకుని దానంతటది లోపలికి వస్తుంది. అక్కడ పోయింది.

లోపలివాళ్లలో ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం వల్ల తప్ప రాక్షసి లోపలికి రాకూడదు.

కప్పు చించుకుని వచ్చేది ఎప్పుడైనా రాగలదు. ఎప్పుడైనా రాగలదంటే లోపలివాళ్లు ఏం చేసినా ఒకటే. ఏం చేసినా ఒకటే అయినప్పుడు చూసేవాడు ఎవరి మాటా శ్రద్ధగా వినడు, తర్వాత పోయేదెవరో లెక్కేసుకుంటూ కూర్చుంటాడు. అదే గేటు గట్టిగా ఉండి, గొళ్లెం లోపలివైపే ఉండి, ఒకడు దాని మీద చెయ్యి వేశాడనుకోండి. అప్పుడు చూసేవాడికి పని దొరుకుతుంది. తియ్యొద్దురా అని అరవాలనిపిస్తుంది, ఆ వెంటనే తియ్యకపోతే బయటివాడి గతేంటి అనీ అనిపిస్తుంది. నా అనుభవంలో ఈ రకం సినిమాల్లో భయమంతా ఆ రెండు ఆలోచనల మధ్యే పుడుతుంది.

'ద మిస్ట్' సంగతే తీసుకుందాం. (చూడనివాళ్లు ఇక్కడి నుంచి కొన్ని పేరాలు దాటేయండి, ముగింపుతో సహా అంతా చెప్పేస్తున్నాను.) 1980లో వచ్చిన స్టీఫెన్ కింగ్ పెద్దకథని ఫ్రాంక్ డారబాంట్ 2007లో తీశాడు. సుమారు 1.8 కోట్ల డాలర్ల బడ్జెట్, హాలీవుడ్ లెక్కలో చిన్న సినిమా. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరు. తుఫాను వెలిసిన మర్నాడు జనం సూపర్‌మార్కెట్‌లో సరుకులు కొంటుండగా పొగమంచు కమ్ముకుంటుంది. అందులో ఏవో ఉన్నాయి. ఇంతే కథ.

మొదటి చావు ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. వెనక గోడౌన్‌లో జనరేటర్ పొగగొట్టం మూసుకుపోయింది. బయటికెళ్లి సరిచేసి వస్తానని సంచులు సర్దే కుర్రాడు ముందుకొస్తాడు. హీరో వద్దంటాడు, తలుపు అవతల ఏదో చప్పుడు విన్నానంటాడు. అక్కడున్న ఇద్దరు మొరటువాళ్లు అతన్ని పిరికివాడి కింద జమకట్టి కుర్రాడినే వెనకేసుకొస్తారు. షట్టర్ కొద్దిగా లేస్తుంది. సందులోంచి టెంటకిల్స్, అంటే ఆక్టోపస్ చేతుల్లాంటివి, వచ్చి కుర్రాడిని పట్టుకుంటాయి. ఆ సీనులో నిజంగా కథ నడిపింది ఇద్దరు మనుషుల పంతం. జనరేటర్ లేకపోయినా ఆ పూటకి ఎవరి ప్రాణమూ పోదు. ఒకడు భయపడ్డాడని మిగతావాళ్లు తాము భయపడలేదని చూపించుకోబోయారు, బలైంది అందరికన్నా చిన్న ఉద్యోగి.

తర్వాతవి కూడా ఇలాగే ఉంటాయి. హీరో పక్కింటి లాయరుకి ముందే అతనితో స్థలం తగాదా ఉంది, కాబట్టి లోపల టెంటకిల్స్ చూశామంటే తనని వెర్రివాణ్ణి చేస్తున్నారనుకుంటాడు. తన మాట నమ్మేవాళ్లని వెంటేసుకుని బయటికి నడుస్తాడు. వాళ్లతోపాటు ఒకతను కారులో ఉన్న తుపాకీ తెస్తానని నడుముకి తాడు కట్టుకుని వెళతాడు. తాడు లాగితే నడుము కింది భాగమే తిరిగొస్తుంది. రాత్రి చీకటి భరించలేక దీపాలు వేస్తారు, ఆ వెలుగుకి పురుగులు అద్దాల మీద వాలతాయి, వాటిని తినడానికి ఇంకేవో వస్తాయి, అద్దం పగులుతుంది. ప్రతి మెట్టులోనూ ఒక మనిషి చెయ్యి ఉంది.

ఇక మిసెస్ కార్మొడీ. మార్షా గే హార్డెన్ వేసిన ఆ పాత్ర మొదట్లో అందరూ నవ్వుకునే మతపిచ్చి మనిషి. ఇది దేవుడి ఆగ్రహం, బలి కావాలంటుంది. ఒక్కో చావు తర్వాత ఆమె చుట్టూ జనం పెరుగుతారు. చివరికి ఒక సైనికుడిని కత్తితో పొడిచి బయటికి నెట్టేస్తారు, ఆ తర్వాత హీరో కొడుకుని ఇవ్వమంటారు. రాక్షసులు బయటున్నాయి, బలి పీఠం మాత్రం సరుకుల కొట్లోనే కట్టారు. ఇదంతా కుదరడానికి కారణం ఒకటే: ఆమె వాదనలో ఒక తర్కం ఉంది. నిన్న రాత్రి చస్తారు అంది, చచ్చారు. భయపడ్డవాడికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. మీ కథలో గుమస్తా ఊరికే దుర్మార్గుడు. దుర్మార్గుడి మాట ఎవరూ వినరు, కాబట్టి అతనివల్ల ప్రమాదమూ లేదు. అతను చెప్పేది సగం నిజమయ్యేలా రాయండి.

ఇలాంటి కథ బయటినుంచి తెచ్చుకోవాల్సిన అవసరం మనకి లేదనిపిస్తుంది నాకు. భారతంలో ఏకచక్రపురం ఉందిగా. ఊరివాళ్లు బకాసురుడితో ఒప్పందం చేసుకున్నారు: వంతులవారీగా బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకెళ్లిన మనిషి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చింది. అక్కడ వ్యాసుడు రాక్షసుణ్ణి చూపించడు, ఆ ఇంటి లోపలికి తీసుకెళతాడు. తండ్రి నేను వెళతానంటాడు, భార్య నేనంటుంది, కూతురు నేనంటుంది. ముగ్గురి వాదనా న్యాయంగానే ఉంటుంది. మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక పట్టుకుని దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. గోడ అవతల కుంతి వింటోంది. తర్వాత ఆమె భీముణ్ణి పంపిస్తానంటే ధర్మరాజు తల్లి మీద కోప్పడతాడు, వాడి బలం మీదే కదా మనం బతుకుతున్నది అని. ఇంత జరిగాకే బకుడు కనపడతాడు. ఆ కొట్లాట మనకి పెద్దగా గుర్తుండదు, ఇంట్లో ఏడుపు గుర్తుంటుంది. ఇరుక్కుపోయిన మనుషుల సినిమా రాసే ప్రతివాళ్లనీ నేను ఈ ఘట్టం చదవమంటాను.

ఇప్పుడు మీ మిల్లుకి వద్దాం. మీకు తెలియకుండానే మంచి చోటు ఎంచుకున్నారు, వాడుకోలేదంతే.

మీది మామూలు పచ్చిబియ్యం మిల్లని రాశారు. ఉప్పుడు బియ్యం మిల్లు చేయండి. అప్పుడు బాయిలర్ వస్తుంది, ఊకతో మండుతూ ఉంటుంది, తొట్లలో ధాన్యం నానుతూ ఉంటుంది. బయటి జీవులు వేడికి వస్తాయని ఒక్క నియమం పెట్టండి. ఇక చూడండి: బాయిలర్ ఆర్పితే బతకొచ్చు. ఆర్పితే తొట్లలో నానిన సరుకు పాడవుతుంది. అది ఓనరుకి లక్షలు, బ్యాంకు అప్పు. ఆ రైతమ్మ తెచ్చిన ధాన్యం కూడా అందులోనే ఉంటే? ఓనరు ఆర్పొద్దనడానికీ ఆమె ఆర్పొద్దనడానికీ కారణం ఒకటే, బరువు వేరు. హమాలీలకి ఆ సరుకులో వాటా లేదు, కానీ ఊక ఎగదోయాల్సిందీ, బాయిలర్ దగ్గర నిలబడాల్సిందీ వాళ్లే. అక్కడ మీకు పావుగంట సీను ఒక్క రాక్షసి లేకుండా దొరికింది.

లారీ డ్రైవరుకి ఇప్పుడు మీ కథలో పనేమీ లేదు. అతని క్లీనర్ని బయట లారీ క్యాబిన్‌లో నిద్రపోనివ్వండి. పదిహేనేళ్ల కుర్రాడు, ఏమీ తెలియదు. గేటుకీ లారీకీ మధ్య కల్లం. డ్రైవరు గేటు తీయాలంటాడు. తీయకూడదనేవాడి తప్పు కూడా లేదు. ఇక ఎవరు వెళ్లాలన్న ప్రశ్న వచ్చేసరికి అందరి కళ్లూ హమాలీల వైపు తిరుగుతాయి, ఎవరూ పైకి అనరు. ఆ చూపు రాసుకోండి చాలు. మిల్లుల్లో పనిచేసినవాళ్లకి అది రాక్షసికన్నా బాగా తెలిసిన భయం.

నియమాల గురించి ఒక మాట. ఒకటే పెట్టండి, తొందరగా చెప్పండి, చివరిదాకా తప్పకండి. 1990లో వచ్చిన 'ట్రెమర్స్'లో నేల కిందుండే జీవులు కంపనానికి వస్తాయి, అంతే. ఆ ఒక్క నియమంతో రాళ్లెక్కడం, ఇళ్ల కప్పులెక్కడం, అడుగు తీసి అడుగు వేయడం అన్నీ ఉత్కంఠ అయిపోయాయి. మీది వేడి అయితే బీడీ వెలిగించడం కూడా ఒక సంఘటన అవుతుంది. జ్వరం వచ్చినవాడు ఉంటే మరీనూ.

ఇక చూపించడం సంగతి, మీరు అసలు అడిగినది.

ఎడిటర్లంతా చెప్పుకునే పాఠం 'జాస్' (1975). యాంత్రిక సొర ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండానే చాలా భాగం లాగాల్సి వచ్చింది. ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్‌కి ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది. ఒక షాట్ విషయంలో స్పీల్‌బర్గే తర్వాత చెప్పాడు: 36 ఫ్రేములుంచితే సొర నిజంలా ఉంది, 38 అయితే బొమ్మ. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన అది ఒకటిన్నర సెకను. రెండు ఫ్రేములంటే కంటిరెప్ప వేసేంత కూడా కాదు, అయినా గుట్టు బయటపడుతుంది. నా టేబుల్ మీద ఇది పదేపదే నిజమైంది. డైరెక్టర్లకి డబ్బు పోసి చేయించుకున్న క్రీచర్ మీద మమకారం ఉంటుంది, షాటు పొడుగు పెట్టమంటారు. నేను ఒక ఫ్రేము చొప్పున తగ్గించుకుంటూ పోతాను, రబ్బరో కంప్యూటరో కనపడ్డం మానేసేదాకా.

ఒక సినిమా గురించి చెప్తాను, పేరొద్దు. అడవి గెస్ట్‌హౌస్‌లో చిక్కుకున్న కాలేజీ బ్యాచ్ కథ. సీజీ కంపెనీ పని ఆలస్యమై విడుదల దగ్గరపడుతుంటే సగం షాట్లు బూడిద రంగు బొమ్మలతోనే ఉన్నాయి. తెలిసినవాళ్లని పిలిచి అలాగే వేసి చూపిస్తే జీవి వచ్చినప్పుడల్లా నవ్వులు. నిర్మాత కంగారుపడ్డాడు. రాత్రికి రాత్రి నేను చేసిందల్లా జీవి ఉన్న షాట్లు తీసేసి, దాన్ని చూస్తున్నవాళ్ల మొహాలు పెట్టడం. అవి డైరెక్టర్ వేరే సీన్ల కోసం తీసిన రియాక్షన్ క్లోజులు. మళ్లీ అదే గుంపుకి వేశాం. నవ్వు ఆగింది. తర్వాత సీజీ పూర్తయి వచ్చినా చాలా షాట్లు తిరిగి పెట్టలేదు.

చూపించే ఆ కాస్తా ఎక్కడ చూపించాలన్నదీ ముఖ్యమే. అసలు ఏమీ చూపించకుండా గంట లాగేవాళ్లు కూడా ఉంటారు. యూట్యూబ్‌లో అది కుదరదు, చూసేవాడు మోసపోయాననుకుంటాడు. ముందుగా ఒకసారి, కొంచెం, తిరుగులేని రుజువు. 'మిస్ట్'లో షట్టర్ సీను చేసిన పని అదే: ఇది మనుషుల భ్రమ కాదని మనకి తెలిసిపోయింది. లాయరుకి తెలియదు. ఇక అతను నోరు విప్పినప్పుడల్లా మనకి కడుపులో దేవేస్తుంది. రుజువు మనకీ ఒకరిద్దరు పాత్రలకీ మాత్రమే దొరకాలి, ఆరుగురికీ ఒకేసారి దొరక్కూడదు.

కెమెరా సంగతి. డారబాంట్ ఈ సినిమాకి 'ద షీల్డ్' అనే పోలీసు టీవీ సీరియల్ బృందాన్ని తెచ్చుకున్నాడు. చేతిలో పట్టుకున్న కెమెరాలు, వేగంగా పని. వార్తాచిత్రంలా ఉంటుంది. తక్కువ డబ్బున్నవాళ్లకి ఇది వరం, లైటింగ్ కోసం గంటలు ఆగక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది: ముందు ఒక్క నిమిషమైనా మిల్లు మొత్తం స్థిరంగా చూపించండి. గేటు ఎటు, బాయిలర్ ఎటు, రేకులు ఎక్కడ పాతబడ్డాయి, లారీ ఎంత దూరం. చోటు తెలియకుండా కెమెరా ఊపితే తలనొప్పి తప్ప భయం రాదు. నా దగ్గరికొచ్చే చిన్న సినిమాల్లో సగానికి సగం ఇక్కడే దెబ్బతింటాయి. నేను టేబుల్ మీద ఆ చోటుని కట్టలేను, షాటు ఉండాలి కదా.

బ్లాక్ అండ్ వైట్ చేస్తే సీజీ లోపాలు దాగుతాయా అని మీరు చివర్లో అడిగారు. కొంతవరకు దాగుతాయి. డారబాంట్ కూడా తన సినిమాకి బ్లాక్ అండ్ వైట్ ప్రతి ఒకటి డీవీడీలో ఇచ్చాడు. అయితే మీ సినిమాకి నేను వద్దంటాను, బాయిలర్ మంట ఎరుపు మీకు కావాలి.

సౌండ్ మీద మాత్రం డబ్బు పెట్టండి. సీజీలో మిగిలింది అంతా అక్కడ పోయండి. మిల్లు నడుస్తున్నంతసేపు మోటార్ల హోరులో బయటి చప్పుడు వినపడదు. కరెంటు పోగానే ఒక్కసారిగా అంతా ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో ఊక రాలే చప్పుడు, బాయిలర్ ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమనడం, ఆ తర్వాతే అవతలిది. దానికి పులి గాండ్రింపు మాత్రం పెట్టకండి, ప్రతి చిన్న సినిమాలోనూ అదే లైబ్రరీ సౌండు, పిల్లలు కూడా గుర్తుపడతారు. గేదె ముక్కుతో వదిలే ఊపిరి రికార్డు చేసి సగం వేగానికి తగ్గించి వినండి. దాని మీద తుప్పు పట్టిన గేటు కీచు సన్నగా కలపండి. నేను ఒకసారి ఇలా చేస్తే మిక్సింగ్ ఇంజనీరే ఇదేం జంతువు సార్ అన్నాడు. ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) కూడా ఆ సీన్లలో వద్దు. మ్యూజిక్ మొదలైతే చూసేవాడికి ధైర్యం వస్తుంది, సినిమా చూస్తున్నానని గుర్తొస్తుంది.

(థియేటర్ సినిమా తీసే ఆలోచన తర్వాత ఉందన్నారు కాబట్టి చెబుతున్నా. మనకి ఇంటర్వెల్ పెద్ద శత్రువు. లోపల ఇరుక్కున్నవాళ్లతో పాటు ఊపిరి బిగబట్టిన జనం లేచి హాయిగా బయటికెళ్లి పాప్‌కార్న్ కొనుక్కుంటారు. అందుకని ఇంటర్వెల్ బ్యాంగ్‌గా రాక్షసి ముఖం పెట్టకండి. బయటపడే ఒక దారి మూసుకుపోయిన చోట పెట్టండి. సమోసా తింటూ కూడా ఇప్పుడెలా అని ఆలోచిస్తారు. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీరెడ్డి'లో సీమ ఫ్యాక్షన్‌ని జాంబీలతో కలిపాడు. దాని హాస్యం మీ దారి కాదు గానీ, ముందే పగలున్న మనుషుల మధ్యకి రాక్షసుల్ని వదలడమన్న ఆలోచన మాత్రం మనకి బాగా పనికొచ్చేది.)

ఇక ముగింపు. మీరు ఆర్మీ వచ్చి కాపాడినట్టు రాశారు. 'మిస్ట్'లోనూ ఆర్మీ వస్తుంది, ఎప్పుడొస్తుందో చూడండి. కారులో ఐదుగురు, పెట్రోలు అయిపోయింది, తుపాకీలో నాలుగు గుళ్లు. హీరో కొడుకుతో సహా నలుగుర్నీ కాల్చి తాను చావడానికి దిగుతాడు. అప్పుడు మంచు తొలగి ట్యాంకులు వస్తాయి. సినిమా మొదట్లో పిల్లల కోసం ఒంటరిగా బయటికెళ్లిన తల్లి, ఎవరూ తోడు రానిదీ, తన పిల్లలతో ఒక ఆర్మీ లారీలో వెళుతూ కనిపిస్తుంది. కింగ్ కథ ఆశతో, తెరిచి ఉంచినట్టుగా ముగుస్తుంది. ఈ ముగింపు డారబాంట్ రాసుకున్నది. కొందరికి ఇది క్రూరం. నాకు మాత్రం ఇది లెక్క సరిపోయిన ముగింపు, ఎందుకంటే అక్కడ కూడా చావు రాక్షసివల్ల రాలేదు. ఇంతసేపూ తెలివిగా నిర్ణయాలు తీసుకున్నవాడే ఆఖరిదీ తీసుకున్నాడు.

1968లో జార్జ్ రొమెరో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' తీసింది లక్షా పద్నాలుగు వేల డాలర్ల చిల్లరతో. ఒక పాత ఫారంహౌస్, రక్తం బదులు చాక్లెట్ సిరప్. బయట లేచి నడిచే శవాలు, లోపల మనుషులు. అందులో ఇద్దరి మధ్య గొడవ ఏమిటంటే నేలమాళిగలో దాక్కోవాలా, పైనే ఉండాలా అని. మనం పూర్తిగా హీరో బెన్ పక్షాన ఉంటాం, పైనే ఉండాలంటాడు అతను. అవతలివాడు చిరాకు మనిషి, పిరికి. చివరికి బెన్ తెల్లారేదాకా బతికింది ఆ నేలమాళిగలోనే. పొద్దున్నే అతన్ని కాపాడాల్సినవాళ్లే అలాంటి శవమనుకుని కాల్చేస్తారు. మనకి నచ్చనివాడి మాట నిజం కావడం, ఇది మీ గుమస్తాకి ఇవ్వండి.

ఆర్మీని తీసేయమని అనను. వాళ్లు వచ్చేముందు మీ ఆరుగురిలో ఒకరు వెనక్కి తీసుకోలేని పని ఏదో చేసి ఉండాలి. అది ఓనరు చేస్తే జనం అనుకున్నదే జరుగుతుంది, రైతమ్మ చేస్తే ఉలిక్కిపడతారు. నేనైతే ఆమెతో చేయిస్తాను.

షూటింగుకి ముందు ఒక పని చేయండి. గేటు, కిటికీ, బాయిలర్ తలుపు ఏది తెరిచినా, ఎవరు తెరిచారు, ఎందుకు, వద్దన్నదెవరు అని ఒక్కో లైను రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఎవరూ వద్దనని సీను ఉంటే దాన్ని ముందే కొట్టేయండి, తీసి డబ్బు పాడుచేసుకోవద్దు. అలాగే లొకేషన్‌లో ఉన్న చివరిరోజు ఆరుగురినీ ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, డైలాగు లేకుండా, గేటు వైపు చూస్తూ, పైకప్పు వైపు చూస్తూ, పక్కవాడిని చూస్తూ క్లోజులు తీసి పెట్టుకోండి, ఒక్కోటి కనీసం అర నిమిషం. ఎడిటింగ్‌లో సీజీ చేయిచ్చినప్పుడు మీ ఎడిటర్ వెతికేది అవే.